జయపాల్‌కు నచ్చని గాడిద

బద్వేలు పక్క పల్లె, మార్చి 3

కర్నూలు పెయింటర్ లాల్ అహమ్మద్ గారికి, సంఘ పెద్ద ఏసేపు వందనాలు.

ఫోన్లో నాకు సరిగా వినపడదు, అందుకే ఉత్తరం. మట్టల ఆదివారానికి మా చర్చి గోడ కోసం మీరు వేస్తున్న బొమ్మ నమూనా అందింది. ప్రభువు గాడిద మీద యెరూషలేముకు రావడం బాగా కుదిరింది. నాకే అభ్యంతరమూ లేదు. కమిటీలో జయపాల్ ఒక్కడే ఒప్పుకోవడం లేదు. "రాజు వచ్చేది గుర్రం మీద గదప్పా! చర్చిలో ఈ చెవులేంది?" అంటున్నాడు. చెవులు కాస్త తగ్గించండి.

ఇట్లు, ఏసేపు

తా.క. తోక జోలికి పోవద్దు. దాని గురించి అతనేమీ అనలేదు.

కర్నూలు, మార్చి 9

ఏసేపన్నకు లాల్ అహమ్మద్ సలాములు.

చెవులు తగ్గించాను. మా ఇంటామె గుల్షన్ బీ చూసి, "ఈ మేక అంత మనిషిని మోస్తాదా?" అంది. అన్నా, యుద్ధానికి వచ్చే రాజుకు గుర్రం, శాంతితో వచ్చే రాజుకు గాడిద. పాతకాలం నుంచి బొమ్మలు వేసేవాళ్లు అట్లాగే వేస్తున్నారు. జయపాల్ గారికి చెప్పండి.

మీ లాల్ అహమ్మద్

తా.క. తుంగభద్ర ఒడ్డున ఒక గాడిద ముందు రెండు రోజులు కూర్చుని గీసుకున్నాను. బొమ్మ కోసం మనుషులెవరూ ఇంత బుద్ధిగా నిలబడలేదు.

మార్చి 14

లాల్ అహమ్మద్ గారికి,

చెప్పాను. జయపాల్ ఇంకా మండిపడ్డాడు. "బళ్లో అయ్యవారు ఐదేండ్లు నన్ను గాడిదా అనే పిలిచినాడు. నా పేరే మరిచిపోయినాడు. పిల్లోళ్లంతా నవ్వుతాంటే నిలబడినా. ఇప్పుడు ప్రార్థనకొచ్చినా అదే చూడాల్నా?" అన్నాడు. గాడిదను తీసేసి ప్రభువును నడిపించండి.

ఏసేపు

తా.క. ఆ మాట అని అతను కమిటీ మధ్యలోనే లేచి ఇంటికి పోయాడు.

మార్చి 20

జయపాల్ గారికి, ముఖపరిచయం లేని లాల్ అహమ్మద్ రాయునది.

బొమ్మను బస్సులో పంపుతున్నాను. గాడిద ఉంది, చెవులూ నిండుగా ఉన్నాయి. తీసేయడానికి చేయి రాలేదు. చుట్టూ జనమంతా మట్టలు ఊపుతూ అరుస్తున్నారు. వాళ్లందరిలో పని చేస్తున్నది అదొక్కటే. మీ అయ్యవారు ఆ సంగతి గమనించి ఉండరు.

మీ లాల్ అహమ్మద్

తా.క. నచ్చకపోతే వెనక్కి పంపండి. గాడిదకు కండక్టరు టికెట్ అడగడు.

మార్చి 30

తమ్ముడు లాల్ అహమ్మద్‌కు,

నీ ఉత్తరం నేరుగా జయపాల్ చేతికే పోయింది. ఆరాధన అయ్యాక సంఘమంతటికీ చదివి వినిపించాడు. చివర, "గాడిద వద్దని నేనెప్పుడంటినప్పా? గాడిదే కావాలని పట్టుబట్టింది నేనే గదా!" అన్నాడు.

లేచి, అతని పేరు పెట్టి నీకు రాసినవన్నీ నా మాటలేనని ఒప్పుకున్నాను. ఆ బళ్లో నిలబడింది నేను. నా ఇల్లాలు విశ్వాసమ్మ, "నలభై ఏండ్ల కాపురంలో నాకొక్క మాట చెప్పలేదే!" అని అందరి ముందే కడిగేసింది. ఎవరూ నవ్వలేదు. బొమ్మను గోడకు నేనే తగిలించాను.

నిన్న మట్టల ఆదివారం. ఊళ్లో బట్టలుతికే గిడ్డమ్మ తన గాడిదను ఊరేగింపుకు తోలుకొచ్చింది. తాడు పట్టుకుని ముందు నడిచాను.

మీ అన్న, ఏసేపు

తా.క. దారి మధ్యలో అది నిలబడిపోయింది. సంఘమంతా అరగంట ఎండలో దాని వెనక నిలబడింది. జయపాల్ దాన్ని తిట్టబోయి, ఏమని తిట్టాలో తోచక ఊరుకున్నాడు.