పిల్లిని బ్యారేజీ దాటించకండి

బాబాయ్ గారూ,

మీ క్యారేజీ పొయ్యిగట్టు మీద పెట్టాను. నేను పరీక్షకు వెళ్తున్నాను. సాయంత్రం నేనొచ్చేదాకా పిల్లిని బ్యారేజీ దాటించి వదిలేయకండి.

అది తెల్లవారుజామున మీ గుండెలమీదెక్కి అరుస్తోందని నిన్న పిన్నితో అన్నారు. అప్పుడు చెప్పడానికి నాకు నోరు రాలేదు గానీ, దానికి ఆ అలవాటు చేసింది మీరే. అరిచినప్పుడల్లా "నోర్ముయ్యవే తల్లీ, నీకో దణ్ణం" అంటూ లేచి ఎండుచేప ముక్క పెడుతున్నారు. ఇవాళ్టినుంచి ఆ ముక్కేదో పడుకోబోయే ముందే పెట్టండి. తర్వాత ఎంత అరిచినా దుప్పటి ముసుగు తీయకండి. నాలుగు రోజుల్లో మానేస్తుంది.

నాగమణి

ఇంకో మాట. పిల్లికోసం మీరు తీసి ఉంచిన గోనెసంచిని వెతకొద్దు. నా పుస్తకాలు అందులో వేసుకుని పట్టుకెళ్తున్నాను. బస్సులో అందరూ నవ్వుతారు. అయినా సరే.