తూరుపు పెట్టె పడమటి గోడలో ఉన్నది

నాపరాళ్లపాడు,
ఫిబ్రవరి, 1944.

బడుల కట్టడముల తనిఖీ అధికారి గారి సముఖమునకు, పై గ్రామ కాపురస్థుడు, సున్నపు గానుగ కూలీ బాలశౌరి వ్రాసుకొన్న అర్జీ.

విషయం: ఫ్రాన్సు కన్యస్త్రీల మఠములోని ఆడపిల్లల బడికి తాము మూయించిన కిటికీలు తెరిపించుట గురించి, పెట్టె జోలికి రాకుండుట గురించి.

అయ్యా,

1. సదరు మఠమును ధాత కరువు తరువాత ఫ్రాన్సు దేశపు కన్యస్త్రీలు కట్టించిరి. కరువులో దిక్కులేనివారైన ఆడపిల్లలకు కూడు పెట్టి చదువు చెప్పుటకు కట్టిన ఇల్లది. వారి పెద్దమ్మగారి పేరు మదర్ క్లోతిల్ద్. మావాళ్లకు నోరు తిరగక కొత్తిల్లమ్మ అన్నారు. మా నాయనమ్మ ఆ గోడలకు సున్నం తట్టలు మోసినది. పైన మొన తేలిన కోసు కమానులు వారి దేశపు తీరు. రెండు మూరల మందము గోడ మా నాపరాయి, మా గానుగ సున్నం. పడమటి ఎండకు భయపడి బడిగదికి ఆ వైపు కిటికీ పెట్టలేదు. వెలుగైనా గాలైనా తూర్పు కిటికీలనుండియే రావలెను.

2. పడమటి గోడలో ఉన్నది ఒక్క చెక్క పెట్టె. పీపావలె గుండ్రముగా ఉండి ఇరుసుమీద తిరుగును. సందువైపు చిన్నగదిలో నిలబడి పాలో కూరలో అందులో పెట్టి తిప్పితే లోపలివారికి చేరును. ఇటువారి ముఖము అటువారికి కనబడదు. కొత్తిల్లమ్మగారు దానిని తమ భాషలో ‘తూర్’ అనేవారట. మావాళ్లు తూరుపు అని విన్నారు. నాటినుండి పడమటి గోడలో ఉన్నదానికి తూరుపు పెట్టె అని పేరు. ఊళ్లో ఎవరికీ ఇది తప్పని తోచలేదు.

3. తూరుపు పెట్టె వద్ద మగవాళ్లు ఆడపిల్లలతో మాట్లాడుచున్నారని ఆకాశరామన్న ఎవడో తమకు వ్రాసినాడు. తాము వచ్చి చూడలేదు. తూరుపు పెట్టె మూసివేయుడని ఉత్తర్వు పంపినారు. బంట్రోతు అది పట్టుకొని మౌలాలీ మేస్త్రీనీ నన్నూ తూర్పు గోడ దగ్గరకు తోలుకొనిపోయినాడు.

“తూరుపు పెట్టంటే పడమట ఉంటది బాబూ,” అన్నాడు మేస్త్రీ.

“ఏందీ? పొద్దు పొడిచేది ఎటో తెలవనోడివి, నువ్వేం మేస్త్రీవయ్యా?” అన్నాడు బంట్రోతు.

“ఇటు పెట్టెలెక్కడుండయ్, కిటికీలేగా!” అన్నాను నేను.

“చుట్టూ చెక్క ఉందా లేదా? అయితే పెట్టే! కట్టండెహె!”

మేస్త్రీ నా వైపు చూశాడు. మళ్లీ నోరెత్తలేదు.

4. ఎందుకెత్తలేదో మనవి చేయుచున్నాను. ఆయన మనుమరాలు హజ్రా బీ ఘోషా పిల్ల. మఠం గడప తొక్కనివ్వము, సందుగది దాకా అయితే సరే అన్నారు ఇంట్లో. ఆ పిల్ల గది తలుపు వేసుకొని, లెక్క చేసిన పలకను పెట్టెలో పెట్టి తిప్పును. లోపల అమ్మగారు దిద్ది తిప్పి పంపుదురు. అట్లా అయిదో తరగతిదాకా వచ్చినది. పెట్టె ఏదో చెబితే ఆ చదువు ఆగిపోవునని తాత నోరు కట్టుకొని కిటికీలు కట్టినాడు. ఇటుకలందించినది నేను.

5. ఇప్పుడు బడిగది సున్నపు బట్టీ, పట్టపగలే చీకటి. దీపం పెడదామంటే యుద్ధం పేరు చెప్పి కిరసనాయిలు ఇవ్వరు. వరండా చిన్నపిల్లలకే చాలదు. మొన్న పాఠం అప్పగిస్తూ ఒక పిల్ల నిలువునా పడిపోయినది. మఠములోనే ఉండి చదువుకొనే మా చెల్లెలు కరుణమ్మకు వచ్చే నెలలో ఎనిమిదో తరగతి పరీక్ష. గట్టెక్కితే పంతులమ్మ ట్రయినింగు, తప్పితే నాతోపాటు గానుగ. “బోర్డు కనబడట్లేదన్నా, చెవుల్తోనే నేర్చుకుంటన్నాం,” అంటది. లెక్కలు చెవుల్తో నేర్చుకొనుట ఎట్లో దొరవారే సెలవియ్యాలి.

6. ఇక పెట్టె దగ్గర మాట్లాడే మగవాడు. నేనే. బడి మొహం ఎరగను. పొట్లాల కాగితాల మీద అక్షరాలు కూడబలుక్కొని, పలక మీద వ్రాసి పెట్టెలో పెడితే మా చెల్లెలు దిద్దేది. “ఏం అన్నా, మళ్లీ కొమ్ము మింగావా?” అని లోపలనుంచి నవ్వేది. ఇది నేరమైతే నన్ను కొట్టించండి. గోడ ఏం చేసింది?

ఉన్నమాట చెప్పకపోతే కరుణమ్మ పరీక్ష పోతది. చెబితే హజ్రా బీ పెట్టె పోతదేమోనని భయం. అయినా చెప్పాను. ‘తూర్పు కాదు, అయితే పడమర మూయుడు’ అని మాత్రం వ్రాయకండి. కిటికీలు తెరిపించి, పెట్టెను దాని మానాన తిరగనిమ్మని కోరుచున్నాను. చిత్తగించవలెను.

తమ విధేయుడు,
బాలశౌరి

మరొక మాట: తప్పులు దిద్దమని ఈ అర్జీని ఆ పెట్టెలోనే పెట్టి తిప్పాను. ‘చిత్తగించవలెను’ కింద కరుణమ్మ పెన్సిలుతో “చిత్తగించకపోతే ఏంది అన్నా?” అని వ్రాసి పంపింది. దానికి చెప్పిన జవాబు తమకూ తెలియడం న్యాయం. ఆ కిటికీల ఇటుకల మధ్య అడుసులో నేను సున్నం కలపలేదు, ఉత్త మట్టి. మౌలాలీ తాత చూసీ చూడనట్టున్నాడు. అమ్మగార్లు తమ ఉత్తర్వుకు జడిసి ఆగారు గాని, లోపలనుంచి నలుగురు ఆడపిల్లలు భుజమానిస్తే చాలు.