పెంపుడు కూతుళ్ల గది

మార్చి 3, 1994

ప్రియమైన తమ్ముడు మింగ్‌తేకి,

యావ్ వారి తోట బాగుచేయడం పూర్తయింది. చెరువు, మంటపం, గుండ్రటి గుమ్మం అన్నీ కళకళలాడుతున్నాయి. వంటింటి వెనక కిటికీ లేని గదికి నువ్వు రాసి పంపిన బోర్డు చూశాను: "పెంపుడు కూతుళ్ల విశ్రాంతి గది." విశ్రాంతట! ఏడేళ్ల వయసులో మన నాయనమ్మను యావ్ వాళ్లు కొనుక్కొచ్చి పడేసింది అందులోనే కదరా. ఆమె వీపు మీద వాతలు చిన్నప్పుడు మనిద్దరం తడిమి చూశాం. తోట తెరిచాక చూడటానికి వచ్చేవాళ్లకు ఆ బోర్డు చదివి చెప్పాల్సిన గైడును నేనే. ఇవాళ ఒకసారి పైకి చదివి చూసుకున్నాక నోరు పుక్కిలించుకున్నాను. దాన్ని మార్చు.

నీ అక్క,
షూయున్

*

తైపే, మార్చి 11

ప్రియమైన అక్కా,

బోర్డు నా కల్పన కాదు. జపాను వాళ్లు మన తైవాన్‌ను ఏలిన కాలపు కుటుంబ రిజిస్టరులో నాయనమ్మ పేరు ఎదుట "పెంపుడు కూతురు" అనే ఉంది. మనుషుల్ని కొన్నారని తెలిస్తే తంటా అని అలా రాయించారు. నాకూ తెలుసు. కానీ పాత కట్టడాలు చూసే మా సర్కారు ఆఫీసుకు కాగితమే సాక్ష్యం. యావ్ పెద్దాయన కూడా ఆ మాటే ఉంచమన్నారు. పాపం, మర్యాదస్తుడు, నాకు టీ డబ్బా పంపారు. ఆమె పెంపుడు కూతురు కాదని ఆ వంశం వాళ్లే అంటే తప్ప నేనేం చేయలేను.

నీ తమ్ముడు,
మింగ్‌తే

*

మార్చి 15

తమ్ముడూ,

"ప్రియమైన" అని రాయడానికి చెయ్యి రాలేదు. ఆ టీ ఎలా మింగుడు పడిందిరా? ఛీ! రిజిస్టరు నకలు ఒకటి పంపు. ఇంకేమీ అడగను.

షూయున్

*

ఏప్రిల్ 6

ప్రియమైన తమ్ముడికి,

నిన్న సమాధులు శుభ్రం చేసే పండుగ రోజునే తోట తెరిచారు. యావ్ వారి వంశం పేర్లన్నీ చెక్కిన కొత్త రాతిపలక మీద ముసుగు తీశారు. దత్తు వచ్చిన వాళ్ల పేర్లు కూడా ఉన్నాయి. నువ్వు పంపిన నకలు పట్టుకుని అందరి ముందూ పెద్దాయన దగ్గరికి వెళ్లాను.

"మామయ్యా, మీ మేనత్త, అదే మా నాయనమ్మ, పేరు మర్చిపోయారు. ఇదిగో, పెంపుడు కూతురు అని మీవాళ్లే రాయించారు. చెక్కించండి" అన్నాను.

ఆయన మొహం కందగడ్డ అయింది. మైకు చేతిలో ఉందన్న సంగతే మరిచాడు.

"ఎవత్తివే నువ్వు? ఎవరే నీకు మామయ్య? డబ్బు పోసి కొన్న దాసిముండ అది! దాని పేరు మా తాతల పక్కనా?"

తోటంతా వినపడింది. నాకు కావలసిన మాట అదే. అయినా అది ఆ నోట్లోంచి అంత తేలిగ్గా ఊడిపడేసరికి చెరువు గట్టున కూర్చుని కక్కుకున్నాను.

ఆ వంశం వాళ్లే కాదన్నారు కదా. ఇక బోర్డు రాయి. ఆయన అన్న మాటే రాయి, కింద ఆయన పేరుతో సహా.

నీ అక్క,
షూయున్