ఐస్ గడ్డ కింద పడడం లేదు

బాపూ,

మన జ్యూస్ దుకాణంలోని ఐస్ మిషన్ చెడిపోయింది. సోమవారం పాత సామాన్ల వాళ్లకు ఇచ్చేస్తానని అమ్మ అంటోంది. అందుకే నువ్వు చనిపోయిన ఏడాదికి నీకు రాస్తున్నాను.

నీళ్లు వస్తున్నాయి, లోపలి పలక మీద ఐస్ కడుతోంది. కానీ గడ్డ పలకను వదిలి కింద పడడం లేదు. మెట్టుగూడ మెకానిక్ రెండుసార్లు వచ్చాడు. "ఇది మీ ఆయన మాటనే ఇంటది అక్కా, నా మాట ఇంటలేదు" అని వెళ్లిపోయాడు. ఈ ఎండల్లో ఐస్ లేకపోతే దుకాణం మూసుకోవాల్సిందే.

రోజూ క్లాసులు కాగానే క్యాంపస్ నుంచి తార్నాకలోని దుకాణానికి నడిచి వస్తున్నాను. ఫిల్టర్ మార్చాను. పలక మీది సున్నం కడిగాను. వెనక జాలీలో దుమ్ము దులిపాను. ఇదివరకు మిషన్‌తో వచ్చిన ఇంగ్లిష్ పుస్తకం నేను చదివి చెప్పేదాన్ని, నువ్వు చేసేవాడివి. గడ్డ వదలాలంటే పలక నుంచి వచ్చే పైపు వేడెక్కాలని అందులో ఉంది. నువ్వు అరచెయ్యి ఆనించి, "ఇంక జర కావాలె బిడ్డా" అనేవాడివి. ఎంత కావాలో నేనెప్పుడూ అడగలేదు.

నిన్న నేనూ చెయ్యి ఆనించాను. వెచ్చగానే ఉంది. అది చాలో చాలదో తెలియలేదు.

"గింత సదివినవ్, బుక్కుల లేదా?" అంది అమ్మ. దెప్పలేదు, నిజంగానే అడిగింది. లేదని చెప్పాను.

సోమవారం పొద్దున్నే బండి వస్తుంది. నీకు రాయడం రాదని తెలుసు. ఆ పైపు ఎంత వేడెక్కాలో, అదొక్కటి ఆదివారం సాయంత్రంలోపు ఎట్లాగైనా చెప్పు.

నీ బిడ్డ