బాపు నేసిన శాలువా

బాపుకు ఆండాళు దండాలు. నేను బాగున్నాను, శాలువా గురించి ఫికర్ చేయకు.

మా వైద్య గ్రంథాలయాల సంఘంతో ఇంగ్లండు సంఘం చేయి కలిపింది. డాక్టర్లు అడిగే వైద్య పత్రికలు ఇక వాళ్లు పంపుతారు. ఆ ఒప్పందం సభలో, వాళ్ల తరఫున వచ్చిన హిల్డాగారికి నీ శాలువా కప్పాం. తర్వాత దవాఖాన చూపిస్తుంటే, చలికి వణుకుతున్న నార్కట్‌పల్లి నుంచి వచ్చిన ఒక అవ్వ కాళ్లకు ఆమె దాన్ని తీసి చుట్టేశారు. సన్మానపు శాలువా అట్లా ఇచ్చేయరని ఆమెకెవరూ చెప్పలేదు. మావాళ్లు నొచ్చుకున్నారు. అవ్వ మాత్రం అంచు తడిమి, "గిది మన దిక్కు నేత బిడ్డా, ఇంట్ల పండుకున్నట్టున్నది" అన్నది. తిరిగి అడగడానికి నాకు నోరు రాలేదు.

అమ్మ దగ్గు తగ్గిందా? హిల్డాగారు మగ్గం చూస్తానన్నారు, ఆదివారం తీసుకొస్తాను. ఇంకో శాలువా తీసిపెట్టు, ఈసారి నువ్వే కప్పు. దాన్ని కూడా ఎవరికన్నా కప్పితే ఏమనుకోకు.