సంత లేని వేసవి

2020 మార్చి 26, బచేలి

సంత బంద్. విశాఖ పాసింజరూ బంద్. అమ్మకి ఫోన్ చేస్తే, నేను సంతలో అమ్ముకునే ఎండుచేపలు భీమిలి నుంచి ఇక పంపలేనంది. ఉన్న బుట్టే ఉంది.

మార్చి 31

ఖనిజం గూడ్సులు మాత్రం ఆగలేదు. ఈయన ట్రాక్ డ్యూటీకి పోతూనే ఉన్నారు. జీతం వస్తుంది కదా, నీకెందుకు కంగారు అంటారు. జీతం ఈయనది. సంత నాది.

సోమ్లీ గురించే ఆలోచన. కొండ కింద ఊరి నుంచి వారం వారం చింతపండు తెచ్చి నాకిస్తుంది, నా దగ్గర చేపలూ ఉప్పూ పట్టుకెళ్తుంది. ఇదే చింతపండు కాలం. ఇల్లు నిండిపోయుంటుంది. ఎవరికిస్తుంది?

ఏప్రిల్ 9

బుట్ట మూత తీస్తా, పెడతా. పక్క క్వార్టర్ ప్రసన్నకుమారి వాసనొస్తోందని కంప్లైంట్ చేసింది. నా దగ్గర కొనుక్కెళ్ళి పులుసు పెట్టుకున్నప్పుడు రాలేదా?

ఏప్రిల్ 14

వెళ్ళొచ్చాను. ఈయనకి చెప్పలేదు.

చేపలూ ఉప్పు ప్యాకెట్లూ నెత్తినెట్టుకుని ట్రాక్ పక్కనుంచి నడిచాను. ఊరి దారికి అడ్డంగా చెట్టు నరికి పడేశారు. అవతల సోమ్లీ మొగుడు మంగ్లూ, మూతికి ఆకు కట్టుకుని, కర్ర పట్టుకుని. బయటివాళ్ళు రాకూడదన్నాడు. నేను బయటిదాన్నా! సోమ్లీని పిలవమని అరిచాను. వచ్చింది, దూరంగానే నిలబడింది. దీదీ, నీ మీద కోపం కాదు, జబ్బంటే భయం అంది.

చింతపండు అయిపోయిందట. ఊళ్ళో ఉప్పు నిండుకుందని తెలిసి, ఈ చెట్టు పడేయకముందే ఎవడో దళారి బైక్ మీద వచ్చి, కాస్త ఉప్పు పడేసి మొత్తం ఎత్తుకుపోయాడట. చెప్తూ నవ్వింది. నాకు ఒళ్ళు మండిపోయింది.

తెచ్చినవన్నీ ఆ చెట్టు మీద పెట్టేసి వచ్చేశాను. వెనక్కి తిరిగి చూస్తే ఉప్పు తీసుకున్నారు. చేపలు ముట్టుకోలేదు.

ఏప్రిల్ 15

ఈయనకి తెలిసిపోయింది. చాలా అరిచారు. తర్వాత మెల్లిగా, ఆ ఉప్పు వాళ్ళకి సరిపోతుందా అనడిగారు.

మే 20

గూడ్సు వెళ్ళినప్పుడల్లా లేచి గుమ్మంలోకి వస్తున్నాను. ఎందుకో.

జూన్ 12

సంత తెరిచారు. పాసింజర్ ఇంకా లేదు. ఖాళీ చేతులతోనే వెళ్ళాను.

నేను కూర్చునే చోట సోమ్లీ కూర్చుంది. ముందు ఆకుల మీద చిన్న చిన్న ఎండుచేపలు! వాగు మడుగులు ఇంకిపోతుంటే ఆడాళ్ళంతా దిగి పట్టి, రాళ్ళ మీద ఎండబెట్టారట. జనం ఎగబడి కొంటున్నారు. నా పాత బేరాలే సగం. నన్ను చూసి పక్కకి జరిగి చోటిచ్చింది. అమ్మడానికి నా దగ్గరేం లేదు. అయినా కూర్చున్నాను. లేచేటప్పుడు దోసెడు చేపలు కట్టిచ్చింది. డబ్బులిచ్చాను. వద్దంటుందనుకున్నా. తీసుకుంది.

జూన్ 13

వాగు చేపల పులుసు పెట్టాను. ఈయన మళ్ళీ వడ్డించమన్నారు. నిజంగానే బాగుంది. అదే నా బెంగ.