మండువేసవిలో శాలువాలు

పిన్నీ, నమస్కారాలు.

మీ లైబ్రరీ భవనం పని పూర్తయింది. కరెంటు తాగేస్తోంది, అయినా లోపల ఉడికిపోతోంది అంటూ కూలగొట్టబోయిన అధికారులను బతిమాలి ఈ ఒక్క వేసవి గడువు తెచ్చాను. కప్పు కింద వేడిని ఆపే మందపాటి పరుపులు వేయించాం. కిటికీల సందులు మూయించి, బయట ఎండ తగలకుండా తెరలు కట్టించాం. హాలు గోడకున్న తెల్లపెట్టె గది వేడిని కొలిచి ఈ ఊళ్ళో ఉన్న నాకు చెబుతుంది. దాన్నిబట్టే అక్కడి ఏసీ మిషనును ఇక్కడినుంచే నడిపి చల్లగాలి పంపుతాను. తనిఖీవాళ్ళకు నచ్చితే భవనం నిలుస్తుంది.

నీ ఇంజనీరు అబ్బాయి

తా.క. పెట్టెను ఎవరూ ముట్టుకోకుండా చూడు.

చిరంజీవి అబ్బాయికి దీవెనలు.

హాలు చల్లబడింది, నీ తెలివికి మురిసిపోయాను. కాకపోతే చలి కాస్త ఎక్కువైంది. మండువేసవిలో పాఠకులు శాలువాలు కప్పుకుని వస్తున్నారు. రోజూ పేపరు చదివే పెద్దాయన చేతులు వణికి పక్కాయన పేజీ తిప్పేస్తున్నాడు.

దగ్గుతూ, లైబ్రేరియన్ పిన్ని

తా.క. పెట్టె మీద ఈగను కూడా వాలనివ్వడం లేదు.

పిన్నీ, నమస్కారాలు.

నన్ను నొప్పించలేక ఉక్కపోతను చలి అని రాస్తున్నావు. నీ మంచితనం నాకు తెలియదా? గది ఉడికిపోతోందని పెట్టె మొత్తుకుంటోంది. హాలు అంత వేడెక్కేలా జనాన్ని రప్పించావంటే నువ్వు అసాధ్యురాలివి. చల్లదనం పెంచాను. తనిఖీ గురువారం, ఆ రోజు పూర్తిగా పెంచేస్తాను.

నీ అభిమాని

తా.క. శాలువాల జోకు మా ఆఫీసులో అందరికీ చదివి వినిపించాను.

అబ్బాయికి,

జనమెక్కడ? వచ్చే నలుగురిలో జలుబు లేనివాళ్ళే మిగల్లేదు. ఆ తుమ్ముల మధ్య 'నిశ్శబ్దం' అన్న బోర్డు చూస్తే నాకే సిగ్గేసింది. నా ఉద్యోగమంతా ఈ గోడల మధ్యే గడిచింది. ఇది కూలితే నేను తట్టుకోలేనురా.

ముక్కు చీదుతూ, పిన్ని

తా.క. పెట్టె మీద అంకెలు సరిగా కనబడక, మొదటిరోజు నుంచీ నా టేబుల్ లైటు దానికి ఆనించి వెలిగిస్తున్నాను. నీ వస్తువుకు ఆ మాత్రం మర్యాద చేయొద్దూ?

పిన్నీ,

ముందు ఆ లైటు తీసెయ్. దాని వేడి తగిలి, గదే కాలిపోతోందనుకుంటోంది పెట్టె. నీ మాట కాదని దాని మాట నమ్మాను, క్షమించు.

తలవంచుకుని, నీ అబ్బాయి

తా.క. ఆఫీసులో ఇప్పుడు నవ్వుతున్నది శాలువాల గురించి కాదు.

చిరంజీవికి దీవెనలు.

నీ ఉత్తరం ఇవాళ అందింది. తనిఖీ నిన్ననే అయిపోయింది. నువ్వు పూర్తిగా పెంచుతానన్నావు కదా, వచ్చినవాళ్ళు గడ్డకట్టిపోతారని భయపడి, పొద్దున్నే వాచ్‌మన్ చేత మిషను మెయిన్ స్విచ్ ఆపించేశాను. ఆ తర్వాత ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని కూర్చున్నాను. బయట రోడ్డు మీద తారు కరుగుతోంది. లోపల మాత్రం, చెబితే నమ్మవు, హాయిగా ఉంది. నువ్వు వేయించిన పరుపులూ తెరలూ ఎండను గుమ్మం దాటనివ్వలేదు. నీ పనితనం చూసి కళ్ళు చెమర్చాయిరా. పెద్ద అధికారి ఒక పుస్తకం తీసుకుని సాయంత్రం దాకా కుర్చీలోంచి లేవలేదు. వెళ్తూ వెళ్తూ, భవనం జోలికి రామని సంతకం పెట్టాడు.

గర్వంతో, పిన్ని

తా.క. ఇంత నిశ్శబ్దంగా పనిచేసే మిషను ఎక్కడా చూడలేదని నిన్ను ఒకటే మెచ్చుకున్నాడు. మిగతా భవనాలన్నిటికీ అదే పెట్టిస్తాడట. ఏ కంపెనీదని అడుగుతున్నాడు, ఏం చెప్పమంటావు?